బాత్ బాంబ్: హైదరాబాద్ ఇళ్ళలో పరిమళ స్నానం

వంటసోడా, నిమ్మ ఉప్పు, కొంచెం పిండి, సుగంధ తైలం కలిపి ఉండలా గట్టిగా అదిమి ఆరబెట్టిన స్నానపు సరుకు పేరు బాత్ బాంబ్. గోరువెచ్చని నీళ్ళలో వేయగానే బుసబుసమని నురగెత్తి, తనంతట తాను తిరుగుతూ కొన్ని నిమిషాల్లో కరిగిపోతుంది. అది కరిగేలోపు నీళ్ళకు రంగు, గదికి వాసన పడతాయి. ఇది సబ్బు కాదు, మురికి వదిలించడం దీని పని కాదు. ఒళ్ళు శుభ్రం చేసుకున్నాక నీళ్ళలో కాసేపు హాయిగా గడపడానికి చేసిన వస్తువు.

హైదరాబాద్‌లో బంజారాహిల్స్, పంజాగుట్ట మాల్స్‌లోని సౌందర్య సాధనాల అరల్లో, పుట్టినరోజు గిఫ్టు డబ్బాల్లో, ఆన్‌లైన్ అమ్మకాల్లో ఇది కనిపిస్తుంది. కొన్నవారికి ఇంటికి రాగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న, దీన్ని వేయడానికి తొట్టి ఏదీ అని. బాత్‌టబ్ ఉన్న దేశంలో పుట్టిన వస్తువు, బకెట్టూ మగ్గూ ఉన్న ఊరికి వచ్చింది. పరిమళ స్నానం మాత్రం ఈ ఊరికి కొత్త కాదు, శతాబ్దాలుగా ఉన్నదే. అందుకే ఈ వ్యాసంలో బాత్ బాంబ్‌తో పాటు మన నలుగుపిండి, మన నీళ్ళ సంగతి కూడా చెప్పక తప్పదు.

పుట్టుక

బాత్ బాంబ్‌ను 1989లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పూల్ పట్టణంలో మో కాన్‌స్టంటైన్ తయారుచేశారు. తోటలోని షెడ్డులో, నీళ్ళలో వేస్తే పొంగే ఆల్కా సెల్ట్‌జర్ మాత్రను చూసి ఆమెకు ఈ ఆలోచన వచ్చింది. తలనొప్పికీ కడుపు మంటకూ వేసుకునే ఆ మాత్ర అమెరికాలో 1931లో మార్కెట్‌లోకి వచ్చింది. అందులోనూ పొంగు తెప్పించేవి సోడా, నిమ్మ ఉప్పే. మో, ఆమె భర్త మార్క్ కాన్‌స్టంటైన్ మరికొందరితో కలిసి అప్పట్లో కాస్మెటిక్స్ టు గో అనే సంస్థ ద్వారా పోస్టులో సరుకు అమ్మేవారు. అది మూతపడ్డాక 1995లో లష్ సంస్థ మొదలైంది. బాత్ బాంబ్‌కు ప్రపంచమంతటా పేరు రావడానికి లష్ దుకాణాలే కారణం.

పొంగే స్నానపు మాత్ర మాత్రం అంతకు ముందే జపాన్‌లో ఉంది. కావో సంస్థ 1983లో ‘బబ్’ అనే బిళ్ళను విడుదల చేసింది. జర్మనీలోని బాట్ నౌహైమ్ లాంటి చోట్ల భూమిలోంచి సహజంగా బొగ్గుపులుసు వాయువుతో పొంగుకొచ్చే ఊటల్లో స్నానం చేయించడం పాత వైద్య పద్ధతి. ఆ ఊటను ఇంటి తొట్టిలోకి తేవాలన్నది జపాన్ వారి ఉద్దేశం. రెండింటిలోనూ జరిగే రసాయన చర్య ఒకే కోవకు చెందినదే అయినా, జపాన్ బిళ్ళ రక్తప్రసరణ గురించి మాట్లాడింది, ఇంగ్లండ్ ఉండ రంగూ వాసనా ఆటా తెచ్చింది. మన దగ్గరికి వచ్చింది రెండోది.

నీళ్ళలో జరిగేది

తెలుగు ఇళ్ళలో ఈ చర్య తెలియనివారు ఉండరు. గ్లాసుడు నీళ్ళలో ఈనో పొట్లం చింపి పోసినప్పుడు పైకి తన్నుకొచ్చే నురగ ఇదే. ఆ పొట్లం మీద స్వర్జిక్షారం, నింబుకామ్లం అని రాసి ఉండే పదార్థాలు వంటసోడా, నిమ్మ ఉప్పు. పొడిగా ఉన్నంతసేపు రెండూ పక్కపక్కనే ఉన్నా ఏమీ కాదు. తడి తగలగానే రెండూ కరిగి కలుసుకుంటాయి. అప్పుడు బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, బుడగలుగా బయటికి వస్తుంది. మిగిలేది సోడియం సిట్రేట్ అనే నిరపాయకరమైన లవణం, నీరు.

లెక్కలోకి దిగితే, 192 గ్రాముల తేమలేని నిమ్మ ఉప్పును పూర్తిగా వాడుకోవడానికి 252 గ్రాముల వంటసోడా కావాలి. అంటే ఒకటికి ఒకటింబావు పైచిలుకు. ఇంట్లో చేసేవారు మామూలుగా ఒకటికి రెండు పాళ్ళు సోడా వేస్తారు. అలా చేసిన వంద గ్రాముల ఉండలో సోడా యాభై రెండు గ్రాములు, నిమ్మ ఉప్పు ఇరవై ఆరు గ్రాములు ఉంటే, సుమారు పద్దెనిమిది గ్రాముల వాయువు పుడుతుంది. గది వేడిమిలో అది దాదాపు పది లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అరచేతిలో పట్టే ఉండలో అంత వాయువు దాగి ఉంటుందన్న మాట. ఇంకో పద్దెనిమిది గ్రాముల సోడా ఖర్చుకాకుండా నీళ్ళలో మిగిలిపోతుంది. నీళ్ళు వేలికి కాస్త జారుడుగా తగలడానికి అదొక కారణం.

బుడగలకు రెండు పనులున్నాయి. ఉండలోని తైలాన్ని చిన్న చిన్న బిందువులుగా చెదరగొట్టి పైకి మోసుకొస్తాయి. నీటి మట్టం దగ్గర పగిలినప్పుడు ఆ వాసనను గాలిలోకి విసురుతాయి. అందుకే అదే తైలాన్ని నాలుగు చుక్కలు ఊరికే నీళ్ళలో వేస్తే రాని గుబాళింపు ఉండ కరిగేటప్పుడు వస్తుంది. ఉండ తిరగడానికి కారణం, ఒక పక్కన కరుగుడు ఎక్కువై అక్కడి బుడగల తోపు ఉండను అటునుంచి నెట్టడం. కరుగుతున్న ఉండను నీళ్ళలో చేతిలో పట్టుకుంటే చల్లగా తగులుతుంది. ఈ చర్య చుట్టూ ఉన్న వేడిని తనలోకి తీసుకుంటుంది. తొట్టెడు నీళ్ళలో ఆ తేడా తెలియదు, అరచేతికి తెలుస్తుంది.

తెలుగు నేల మీద పరిమళ స్నానం

స్నానానికి వాసన కలపడం గురించి మన దేశంలో చాలా పాత రాతలున్నాయి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి పేరిట ఒక అధ్యాయమే రాశాడు. అందులో రాజుల తలస్నానానికి వాడే సుగంధ జలాల తయారీ ఉంది. మనకు ఇంకా దగ్గరిది కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో కూర్చిన మానసోల్లాసం. ఆ రోజుల్లో తెలంగాణ చాలావరకు కల్యాణి ఏలుబడిలోనే ఉండేది, కాకతీయులు ఆ రాజులకు సామంతులు. రాజుగారి భోగాలను ఒక్కొక్కటిగా చెబుతూ వచ్చిన ఆ గ్రంథంలో స్నానభోగానికి విడిగా చోటుంది. నూనె మర్దన, సుగంధపు పిండి, వెచ్చని నీళ్ళు, ఈ వరుస అందులో కనిపిస్తుంది. ఇవాళ భోగినాడు మన ఇళ్ళలో జరిగే తలంటు వరుసా అదే.

గోల్కొండ సుల్తానులు మరో సంప్రదాయాన్ని తెచ్చారు. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఇప్పటికీ ఒక హమామ్, అంటే స్నానశాల, నిలిచి ఉంది. చల్లని, వేడి నీళ్ళకు వేరువేరు గొట్టాలున్న ఆ కట్టడం, సమాధి చేసే ముందు రాజకుటుంబీకుల దేహాలకు చివరి స్నానం చేయించిన చోటు. ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు చేపట్టిన పునరుద్ధరణ పనుల్లో దాన్నీ బాగుచేశారు. చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో గులాబీ, మల్లె, వట్టివేరు, తొలకరి మట్టి వాసన అత్తర్లు చిన్న సీసాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. హమామ్ పేరునే ఒక సబ్బు పెట్టుకుంది. టాటా ఆయిల్ మిల్స్ 1931లో తెచ్చిన ఆ సబ్బు తెలుగు ఇళ్ళకు బాగా పరిచయం. 1916లో బెంగళూరులో మొదలైన మైసూరు ప్రభుత్వ సబ్బుల ఫ్యాక్టరీ గంధాన్ని సబ్బులోకి ఎక్కించింది. 1980ల మధ్యలో విప్రో తెచ్చిన సంతూర్, పసుపునూ గంధాన్నీ కలిపి అమ్మి ఆంధ్ర, తెలంగాణల్లో గట్టిగా పాతుకుపోయింది. నలుగుకు వాడేవాటినే సబ్బు బిళ్ళగా మార్చి ఇవ్వడం దాని బలం.

ఇంటి స్నానంలో అసలు సంపద సున్నిపిండి. పెసలు, శనగలు, కాస్త బియ్యం, పసుపు కొమ్ములు, మెంతులు దీనికి మూలం. వాసన కోసం కచ్చూరాలు, బావంచాలు, తుంగముస్తలు, వట్టివేళ్ళు, ఎండబెట్టిన గులాబీ రేకులు, నారింజ తొక్కలు వేస్తారు. ఎవరి పాళ్ళు వారివి. పచారీ కొట్టువాడికి ‘నలుగుపిండి సరుకులు’ అంటే చాలు, పొట్లాలు కట్టి ఇస్తాడు. ఒంటికి నువ్వుల నూనె పట్టించి, కాసేపు నాననిచ్చి, ఆ పిండితో నలిచి, తలకు కుంకుడుకాయ పులుసు పోసి, కాగులో కాగిన నీళ్ళు గంగాళంలో తొలుపుకొని చెంబుతో పోస్తే అది తలంటు. తరవాత తడి జుట్టుకు సాంబ్రాణి పొగ. నరకచతుర్దశి, భోగి, ఉగాది నాడు ఊరంతా ఇదే పని. పెళ్ళికి ముందు నలుగు పెట్టడం ఒక వేడుక. బాలింతరాలికి వావిలాకు కాచిన నీళ్ళు, అమ్మవారు పోసి తగ్గినవారికి వేపాకు నీళ్ళు. వీటిలో నీళ్ళకు వాసన ఎక్కించడం, ఒంటికి మేలు చేయడం అన్న రెండు ఉద్దేశాలను విడదీసి చూడలేం.

దేవుడికి చేయించే స్నానంలోనూ ఇదే శ్రద్ధ ఉంది. తిరుమలలో మూలవిరాట్టుకు ప్రతి శుక్రవారం అభిషేకం జరుగుతుంది. పాలు, పసుపు, పచ్చకర్పూరం, కుంకుమపువ్వు లాంటివి అందులో వాడతారు. పునుగు తైలం సేవ ఉంది. తెలుగువారికి తెలిసిన పరిమళ స్నానాల్లో దీన్ని మించినది లేదని నా నమ్మకం.

బాత్ బాంబ్‌లో లేనిది ఈ సంప్రదాయంలో చాలా ఉంది. ఈ సంప్రదాయంలో లేనిది బాత్ బాంబ్‌లో ఒకటుంది, ఆ పొంగు. పిల్లలను స్నానాల గదికి పరుగున రప్పించే ఆ ఒక్క గుణాన్ని తక్కువ చేయనక్కర్లేదు.

బంజారాహిల్స్, నీళ్ళ లెక్క

బంజారాహిల్స్ ఒకప్పుడు లంబాడీలు పశువులు మేపుకున్న రాతి గుట్టలు. పేరు వారిదే. నిజాం ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా పనిచేసి, 1960లో గుజరాత్ తొలి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడి బండరాళ్ళ మధ్య ఇల్లు కట్టుకున్నాక నగరం చూపు ఇటు పడింది. ఆ ఇంటికి 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ అతిథిగా వచ్చారు. తరవాతి దశాబ్దాల్లో బంగళాలు, నక్షత్రాల హోటళ్ళు, ఆసుపత్రులు, మాల్స్ లేచాయి. ఇక్కడి విల్లాల్లో, పెద్ద ఫ్లాట్లలో బాత్‌టబ్ కనిపిస్తుంది. కొండ దిగి పంజాగుట్ట దాటి అమీర్‌పేట వస్తే లోకం మారుతుంది. కోచింగ్ సెంటర్లకు వచ్చిన కుర్రాళ్ళు, అమ్మాయిలు ఉండే హాస్టళ్ళలో పొద్దున్నే బకెట్టు పట్టుకొని వరుసలో నిలబడతారు. రెండు చోట్లా ఒకే ఉండ అమ్ముడవుతుంది కనుక, దాన్ని ఎలా వాడుకోవాలన్నది ఇంటి వసతి తేల్చాల్సిన విషయం.

తొట్టి స్నానానికి నీళ్ళెన్నో చూద్దాం. మామూలు టబ్బును మనిషి మునిగేటట్టు నింపాలంటే నూట యాభై లీటర్ల దాకా కావాలి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అవసరమన్నది భారత ప్రమాణాల లెక్క. అందులో స్నానానికి కేటాయించినది 55 లీటర్లు. అంటే ఒక్క టబ్ స్నానానికి ఒక మనిషి రోజంతా అన్ని పనులకూ వాడే నీటికంటే ఎక్కువ ఖర్చవుతుంది. బకెట్ స్నానం పదిహేను, ఇరవై లీటర్లతో అయిపోతుంది.

ఆ నీళ్ళు ఎక్కడివో కూడా తలచుకోవాలి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయి, ఊరి దాహం తీర్చాయి. ఊరు పెరిగి అవి చాలక మంజీరా, సింగూరు, తరవాత నాగార్జునసాగర్ నుంచి కృష్ణా, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు వచ్చాయి. ఆఖరి రెండూ వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి, మోటార్లతో ఎత్తు ఎక్కి జలమండలి ద్వారా ఈ గుట్టల మీది ఇళ్ళకు చేరుతున్నాయి. వేసవి వస్తే బోర్లు అడుగంటి, ఐదువేల లీటర్ల ట్యాంకర్లు వీధుల్లో బారులు తీరతాయి. ఒక ట్యాంకరు మొత్తం టబ్బుకే పోస్తే ముప్పై మూడు స్నానాలు.

ఇక వేడి చేయడం. గీజరులో ఇరవై ఐదు లీటర్లు అరవై ఐదు డిగ్రీలకు కాగాక చన్నీళ్ళతో తొలిపితే డెబ్బై ఐదు లీటర్ల గోరువెచ్చని నీళ్ళు వస్తాయి. టబ్ నిండాలంటే గీజరు రెండుసార్లు కాగాలి. రెండోసారి కాగే లోపు మొదటి నీళ్ళు చల్లారడం మొదలవుతుంది. టబ్ ఉన్న ఇళ్ళలో కూడా అది పండగకో పబ్బానికో నిండడానికి ఇదొక కారణం.

ఈ లెక్కలన్నీ చూశాక నాకు తోచేది ఇది. ఈ నగరంలో బాత్ బాంబ్‌కు తగిన చోటు కాళ్ళు పెట్టుకునే వెడల్పాటి టబ్బు, లేదా బకెట్టు. ఇది నీళ్ళు ఆదా చేసుకోవడానికి సర్దుకుపోవడమేమీ కాదు, దానివల్ల పొంగు బలం పెరుగుతుంది. వంద గ్రాముల ఉండను నూట యాభై లీటర్లలో వేస్తే లీటరుకు 0.12 గ్రాములకు మించి వాయువు రాదు. ఇరవై గ్రాముల ముక్కను ఆరు లీటర్ల నీళ్ళలో వేస్తే లీటరుకు 0.6 గ్రాములు వస్తుంది, ఐదు రెట్లు. అందులో చాలాభాగం గాలిలో కలిసిపోతుంది, నిజమే, కానీ పాలు మారదు. జపాన్‌లో కార్బన్ డయాక్సైడ్ ఊట అన్న పేరు పెట్టడానికి కావలసినది లీటరుకు ఒక గ్రాము. చిన్న పాత్రే ఆ అంకెకు దగ్గరగా వస్తుంది. రోజంతా నిలబడి పనిచేసి సాయంత్రం ఇంటికి వచ్చే నర్సుకూ, సేల్స్ కౌంటరు ఉద్యోగికీ పాదాల స్నానం ఇచ్చే సుఖం టబ్ స్నానానికి తీసిపోదు. అమీర్‌పేట, పంజాగుట్ట బ్యూటీ పార్లర్లలో పెడిక్యూర్ చేసేవారికి ఈ కిటుకు తెలుసు.

బోరు నీళ్ళ గురించి ఒక మాట. హైదరాబాద్ కింద ఉన్నది పురాతన గ్రానైటు. దానిలోంచి తోడిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు నురగ రాదు, బకెట్టు అంచున తెల్లని పొర కడుతుంది. సబ్బు లేని బాత్ బాంబ్‌కు ఆ బాధ లేదు. దానిలోంచి పుట్టిన సిట్రేట్ కొంత కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది కూడా. అయితే అదే నీళ్ళలో వెంటనే సబ్బు రుద్దుకుంటే మళ్ళీ పాత కథే.

ఇంట్లో చేసి చూడడం

కావలసినవి కిరాణా కొట్టులో దొరుకుతాయి. పెద్ద మొత్తంలో కావాలంటే బేగంబజార్. నూట ఇరవై గ్రాముల వంటసోడా, అరవై గ్రాముల నిమ్మ ఉప్పు, నలభై గ్రాముల మొక్కజొన్న పిండి, రెండు చెంచాల కొబ్బరి నూనె, పాతిక చుక్కల సుగంధ తైలం. దీనితో రెండు పెద్ద ఉండలో, పది పదకొండు చిన్న బిళ్ళలో వస్తాయి. సోడా బదులు బేకింగ్ పౌడరు వేయకూడదు, అందులో సోడా పాలు తక్కువ. నిమ్మ ఉప్పు పలుకులుగా ఉంటే మిక్సీలో మెత్తగా పట్టాలి, ముక్కుకు గుడ్డ కట్టుకొని మరీ. ఆ దుమ్ము ముక్కులో, కళ్ళలో పడితే భగ్గున మండుతుంది.

పొడులన్నీ జల్లించి కలిపాక నూనె, తైలం చుక్కలు చుక్కలుగా వేస్తూ వేళ్ళతో చిదమాలి. తరవాత పిచికారీ సీసాతో నీళ్ళు చిమ్మాలి, ఒక చిమ్ము, వెంటనే కలుపు, మళ్ళీ ఒక చిమ్ము. గిన్నెలోంచి బుస్సుమన్న చప్పుడు వస్తే నీళ్ళు ఎక్కువయ్యాయని గుర్తు. పిండి పిడికిట్లో పట్టి నొక్కితే, నెయ్యి చాలీచాలని సున్నుండలా నిలవాలి. వేలితో తోస్తే విరగాలి, రాలిపోకూడదు. చేతికి తెలిసే ఈ దశను గ్రాముల్లో చెప్పడం కుదరదు. రెండు చిన్న గుండ్రని కటోరీలను పొంగి పొర్లేలా నింపి, ఒకదానిమీద ఒకటి అదిమి, పది నిమిషాలాగి మెల్లగా తట్టి తీస్తే ఉండ వస్తుంది. ఒక రాత్రీ ఒక పగలూ గాలి తగిలే పొడి చోట ఆరాలి.

ఎండాకాలంలో చేసిన ఉండ రాయిలా ఆరుతుంది. శ్రావణ మాసంలో చేసినది తెల్లారేసరికి బుడిపెలు తేలి, ఉబ్బి, పగుళ్ళిచ్చి కనిపిస్తుంది. గాలిలోని తేమే దానికి నీళ్ళు. అందుకే వానాకాలంలో పిచికారీ నీళ్ళు మానేసి నూనెతోనే కలపడం, ఆరిన వెంటనే గాలి చొరని డబ్బాలో పెట్టడం మేలు. స్నానాల గదిలో దాచుకునే అలవాటు మంచిది కాదు, అక్కడి ఆవిరికే సగం పొంగు పోతుంది.

మొక్కజొన్న పిండి స్థానంలో గుడ్డలో వడగట్టినంత మెత్తని పెసరపిండి, చిటికెడు కచ్చూరాల పొడి, వట్టివేళ్ళ పొడి వేస్తే మన నలుగు వాసన వస్తుంది. రంగు గోధుమ రంగుకు తిరుగుతుంది, మాల్‌లో అమ్మే గులాబీ నీలాల హంగు ఉండదు. నాకు మాత్రం అదే ఇష్టం. పిండి కొంత అడుగున దిగుతుంది కనుక నీళ్ళు పారబోసేటప్పుడు గిన్నె అడుగు కడగాలి. పసుపు ఎక్కువైతే తువ్వాలు, టబ్ అంచు రెండూ మరకపడతాయి.

వాడేటప్పుడు నీళ్ళు ముందు సిద్ధం చేసుకోవాలి. నిండా వేడి వద్దు, చేయి హాయిగా పెట్టగలిగినంత చాలు. బకెట్ స్నానమైతే చివరి రెండు చెంబుల కోసం విడిగా ఒక గిన్నెలో నీళ్ళు ఉంచి, చిన్న బిళ్ళ అందులో వేసి, పొంగు ఆగాక ఒంటిమీద పోసుకోవచ్చు. తలమీద వద్దు, కళ్ళు మండుతాయి. పాదాలకైతే పొంగుతున్నప్పుడే కాళ్ళు పెట్టాలి. వేళ్ళ సందుల్లో బుడగలు పాకుతూ పైకి రావడం, వాటి వెనకే వాసన లేవడం, ఆ రెండు మూడు నిమిషాలే దీని అసలు సుఖం. పదిహేను నిమిషాలయ్యాక మామూలు నీళ్ళతో ఓసారి కడుక్కొని తుడుచుకోవాలి. నూనె ఉండడంవల్ల నేల జారుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే స్నానం అవగానే టైల్స్ కడగడం మరచిపోకూడదు.

ఏ వాసన

బజారు ఉండల్లో లావెండర్ ఎక్కువ. ఆ పంట మన దేశంలో కశ్మీర్, జమ్మూలోని భదర్వా వైపు పండుతోంది. సీఎస్ఐఆర్ అరోమా మిషన్ దానికి ఊతమిచ్చింది. తెలుగు నేలకు సరిపడే సుగంధ పంటలు వేరే ఉన్నాయి. నిమ్మగడ్డి, పామరోజా, వట్టివేరు మెట్ట పొలాల్లో పెరుగుతాయి. హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లో కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సీమ్యాప్ వారి పరిశోధన కేంద్రం ఉంది. నిమ్మగడ్డి తైలం వాసన పదునుగా లేచి త్వరగా ఆరిపోతుంది. పామరోజా గులాబీని తలపిస్తుంది, ధర గులాబీ తైలం దరిదాపుల్లో ఉండదు. వట్టివేరు నెమ్మదిగా లేచి తువ్వాల్లో మరునాటి దాకా నిలుస్తుంది. నిమ్మగడ్డి రెండు పాళ్ళకు వట్టివేరు ఒక పాలు కలిపితే ఏప్రిల్ ఎండలో ఇంటికొచ్చిన మనిషికి ఎంత సేద తీరుతుందో అనుభవించి తెలుసుకోవలసిందే.

అత్తరు వాడవచ్చా అంటే, గంధపు నూనె ఆధారంగా తీసిన నాటు అత్తరు రెండు చుక్కలు సరిపోతుంది. చవకరకం సీసాల్లో పలచబరచడానికి ఏం కలిపారో తెలియదు కాబట్టి ఒంటిమీది నీళ్ళకు అవి వద్దు.

చర్మం సంగతి

తైలం నీళ్ళలో కరగదు, తేలుతుంది. పొంగు చెదరగొట్టినా కాసేపటికి బిందువులు మళ్ళీ చేరి చర్మానికి అంటుకుంటాయి. దాల్చినచెక్క, లవంగం తైలాలు అలా అంటుకున్నచోట మంట, దద్దుర్లు వస్తాయి. వాటిని స్నానానికి వాడకపోవడమే మంచిది. నిమ్మ, నారింజ తైలాల్లోని లిమొనీన్, లావెండర్‌లోని లినలూల్ గాలి తగిలి పాతబడితే ఎలర్జీ తెచ్చే గుణం పెరుగుతుంది. యూరోపియన్ యూనియన్ లేబుల్ మీద విడిగా పేర్కొనాల్సిన సుగంధ ఎలర్జీ పదార్థాల జాబితాను 26 నుంచి 2023లో ఎనభై దాటించింది. కొత్త వాసన వాడేముందు కరిగించిన నీళ్ళు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడడం తేలికైన జాగ్రత్త.

ఆరోగ్యమైన చర్మం స్వల్పంగా ఆమ్లగుణంతో ఉంటుంది, సోడా నీళ్ళు క్షారం. ఎప్పుడో ఒకసారి అయితే చర్మం తనంతట సర్దుకుంటుంది. ఎగ్జిమా, సోరియాసిస్ ఉన్నవారు, గాయాలున్నవారు దీని జోలికి వెళ్ళకూడదు. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి వేడి నీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడమే ప్రమాదం, నీళ్ళ వేడి వాళ్ళకు తెలియదు. చిన్నపిల్లలను వాసన నీళ్ళలో ఎక్కువసేపు కూర్చోబెడితే మూత్రం పోసేచోట మంట రావచ్చు, ఆడపిల్లల్లో ఇది ఎక్కువ. నెలల పిల్లలకు అసలే వద్దు. వాళ్ళకు అమ్మమ్మలు కాళ్ళమీద పడుకోబెట్టి పోసే ఉత్త వెచ్చని నీళ్ళకు మించినది లేదు.

తళుకు పొడి వేసిన ఉండలు కొనవద్దని గట్టిగా చెబుతాను. ఆ మెరుపు చాలాసార్లు ప్లాస్టిక్. యూరప్‌లో విడి ప్లాస్టిక్ తళుకుల అమ్మకంపై 2023 అక్టోబరులో ఆంక్షలు వచ్చాయి. ఇక్కడి టబ్బులోంచి పోయింది మురుగు కాలువల గుండా హుస్సేన్‌సాగర్ వైపో మూసీ వైపో చేరుతుంది. ఆ రెంటికీ ఉన్న భారం చాలు.

అమ్మకం, చట్టం

ఇంట్లో చేసి స్నేహితులకు పంచుకుంటే ఎవరూ అడ్డుచెప్పరు. డబ్బు తీసుకొని అమ్మాలంటే మాత్రం అది సౌందర్య సాధనాల తయారీ అవుతుంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 డిసెంబరులో వచ్చిన కాస్మెటిక్స్ నియమాలు దానికి వర్తిస్తాయి. తెలంగాణలో లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం. రంగులు కూడా భారత ప్రమాణాల సంస్థ ఒప్పుకున్న జాబితాలోవే అయి ఉండాలి. ముగ్గుల రంగులు, హోలీ రంగులు ఆ జాబితాలోకి రావు. కొనేవారు చూడవలసినవి లేబుల్ మీదే ఉంటాయి. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పదార్థాల వరుస. ఎగ్జిబిషన్లలో, ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో అమ్మే అందమైన ఉండల మీద ఇవి లేకపోతే, లోపల ఏ రంగు పోశారో అడిగి తెలుసుకున్నాకే చేతిలోకి తీసుకోవాలి.